పరాయి మైదానం – 14: అమ్మ కడిగిన డబ్బా

సోమవారం వచ్చిన కవరు దగ్గర పోయిన భాగంలో ఆగాను. ఆ కవరు ఇంకా మా బియ్యం డబ్బా మీదే ఉంది. తీసి బీరువాలో దాచితే అది మన సొంతమైపోతుందని భయం కాబోలు, ఇంట్లో ఎవరమూ ముట్టుకోవడం లేదు. బియ్యం తీయాల్సి వచ్చినప్పుడల్లా రెండు వేళ్లతో పక్కకి జరిపి, పనయ్యాక మళ్లీ అక్కడే పెడుతున్నాను.

అందులో ఉన్నది ఇంతే. పోయిన నెల ఉత్తరాది జట్టుతో జరిగిన మ్యాచ్ అయ్యాక మా ఆయన దగ్గర మూత్రం తీసుకుని పరీక్ష చేశారు. అందులో స్టెరాయిడ్ కనబడింది. నొప్పినీ వాపునీ అణిచేసే రకం. అది ఒంట్లోకి ఎలా వచ్చిందో శుక్రవారం సాయంత్రం అయిదు గంటల్లోపు విచారణ కమిటీకి రాసి పంపాలి. సరైన జవాబు లేకపోతే రెండేళ్లు బంతి ముట్టుకోకూడదు.

ఇవాళే శుక్రవారం.

మా ఆయన పేరు ప్రస్తోవో. నేను మాస్ అంటాను, మా జావాలో పెళ్లాలందరూ మొగుళ్లని అలాగే అంటారు. చెంపాకా ఫుట్‌బాల్ జట్టుకి వెనక వరసలో ఎడమ పక్క ఆడతారు. సముద్రం దాటి పొరుగు దేశంలో ఈ బాతు పహాత్ ఊరికి వచ్చి మూడు సీజన్లు. జట్టులో పొరుగు దేశాల ఆటగాడికని వేరుగా ఒక్క చోటు ఉంటుంది, ఆ చోటు మూడేళ్లుగా ఆయనది. దాన్ని పట్టుకునే మేమిక్కడ బతుకుతున్నాం. నా వీసా, పాప వీసా, అద్దె ఇల్లు, అన్నీ ఆ చోటుకే వేలాడుతున్నాయి. ఇప్పుడాయనకి ముప్పై రెండేళ్లు. రెండేళ్లు ఇంట్లో కూర్చున్న ముప్పై నాలుగేళ్ల డిఫెండర్ని, అదీ మందు మరక పడ్డవాణ్ణి, ఎవరు పిలిచి ఆడిస్తారు? బుధవారం నుంచి ఒక థాయిలాండ్ కుర్రాడు మైదానంలో పరుగులు తీస్తున్నాడు. ఊరికే చూడ్డానికొచ్చాడని మేనేజరు చెప్పాడు. చూడ్డానికొచ్చినవాడికి బూట్లెందుకో చెప్పలేదు.

నాలుగు రోజులుగా ఇల్లు జల్లెడ పట్టాను. దగ్గు మందు, నొప్పి బిళ్లలు, ఒంటికి రాసుకునే తైలాలు, నా కాన్పు తాలూకు మిగిలిన మాత్రలు, అన్నీ సంచిలో వేసుకెళ్లి క్లబ్బు డాక్టరు లియోంగ్ గారి బల్ల మీద గుమ్మరించాను. ఆవిడ ఒక్కొక్కటీ కళ్లజోడు ఎత్తి చదివి, ఇవేవీ కావన్నారు. తర్వాత చాలా మర్యాదగా ఒక మాట అడిగారు. "పువాన్ నార్నీ, మీ ఇంట్లో జాము తాగుతారా?"

పువాన్ అంటే ఇక్కడ అమ్మగారని మర్యాద. ఆ మర్యాద లేకపోతే అప్పుడే లేచి వచ్చేసేదాన్ని.

"తాగుతాం. అన్నం కూడా తింటాం. అదీ రాసుకోండి," అన్నాను.

నా నోరు అలాంటిది. కానీ మీరే చెప్పండి, జాము ఒక మందా? పసుపు, అల్లం, కచ్చూరాలు, చింతపండు, తాటిబెల్లం దంచి పిండిన రసం. మాది న్గుతెర్. మా ఊళ్లో ఆడవాళ్లు ఆ సీసాలు బుట్టలో పెట్టి, గుడ్డతో వీపుకి కట్టుకుని, తెల్లారేసరికి నగరం వీధుల్లో ఉంటారు. మా ముత్తమ్మమ్మ అదే పని చేసింది, మా అమ్మా అదే చేసింది. పందొమ్మిదేళ్లప్పుడు సోలో నగరంలో ప్రాక్టీసు మైదానం గేటు దగ్గర అమ్మ చేతి చేదు గ్లాసు తాగి, ముఖం ముడుచుకుని, వెంటనే తీపి గ్లాసు కోసం చెయ్యి చాపిన కుర్రాడే తర్వాత మా ఆయన అయ్యారు. మూత్రం తీసుకున్న రోజు ఒక కాగితం నింపించారట. గత ఏడు రోజుల్లో ఏమేం వాడారు అని ఒక గడి. మాస్ అక్కడ "ఏమీ లేదు" అని రాశారు. జావాలో పుట్టినవాళ్లెవరైనా అదే రాస్తారు.

డాక్టరు గారితో ఇంకో ముక్క కూడా అన్నాను. "మా అమ్మ గ్లాసులో దుంపలు తప్ప ఇంకేం ఉండదు. నా మాటగా రాసుకోండి." ఆవిడ నిజంగానే రాసుకున్నారు.

ఇవాళ మధ్యాహ్నం పన్నెండున్నరకి మాస్ స్నానం చేసి, టోపీ పెట్టుకుని, శుక్రవారం నమాజుకి బయల్దేరారు. అమ్మ ముందు గదిలో పాపకి ఉయ్యాల ఊపుతోంది. పాప పుట్టి నలభై రోజులు. నా కాన్పు కోసమని అమ్మ మూడు నెలల కిందట వచ్చింది. మాస్ వెళ్తూ వెళ్తూ ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నుదురు ఆవిడ ఒళ్లో ఆనించారు. ప్రతి మ్యాచ్ ముందు అలా చేస్తారు. ఇవాళ మ్యాచ్ లేదు. అమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టి, ఎందుకో ముఖం పక్కకి తిప్పుకుంది.

"వచ్చాక రాద్దాం," అన్నారు నాతో.

"ఏం రాస్తాం మాస్?"

"ఏదో ఒకటి. తెలీదని రాస్తాను."

ఆయన బండి వీధి మలుపు తిరిగిందో లేదో ఫోన్ మోగింది. లియోంగ్ గారు.

"పువాన్ నార్నీ, ఒకటి అడుగుతాను. మొన్నటిలా కోప్పడకూడదు."

"అడగండి డాక్టర్."

"జాముకి కావలసిన దుంపలన్నీ ఇక్కడ పచ్చివి దొరుకుతున్నాయా?"

"రెండు మూడు దొరకవు. అవి అమ్మ ఊరి నుంచి పొడి చేసి తెచ్చింది. డబ్బాలో ఉంది."

"ఆ పొడి దంచుతుంటే మీరు చూశారా?"

"ఆవిడ మా అమ్మ, డాక్టర్."

"అది నేనడిగినదానికి జవాబు కాదు కదా." ఆవిడ గొంతులో విసుగు లేదు, అదే నన్ను భయపెట్టింది. "వినండి. కమిటీ ముందు రెండు నిరూపించాలి. ఒకటి, అది ఎక్కడి నుంచి వచ్చిందో. రెండు, అందులో ఉందని ఆయనకి తెలియదని. రెండూ ఉంటే శిక్ష కొన్ని నెలలకి తగ్గొచ్చు, వచ్చే సీజన్ ఆడొచ్చు. ఒకటుండి ఒకటి లేకపోతే లాభం లేదు. సంతల్లో అమ్మే పొడుల్లో ఇలాంటివి కలుపుతారని మేం చాలా చోట్ల చూశాం. ఒక చెంచాడు పొడి తెచ్చివ్వండి. కాకపోతే కాదని తేలిపోతుంది."

కాదని తేలిపోతుంది. ఆ మాట పట్టుకుని ఫోన్ పెట్టేశాను. అమ్మని అడగాల్సిన పని కూడా లేదు, వంటింట్లో అరలోంచి చెంచాడు తీసి పొట్లం కడితే సరిపోతుందనుకున్నాను.

అరలో డబ్బా లేదు.

పెరటి కుళాయి దగ్గర చప్పుడవుతోంది. ఉయ్యాల దగ్గర ఉందనుకున్న అమ్మ చిన్న పీట మీద కూర్చుని, కొబ్బరి పీచుతో ఆ డబ్బా తోముతోంది. ఒక్కసారి చెప్పాలి ఆ డబ్బా గురించి. మా అమ్మమ్మ కాలం నాటిది. దాన్ని తుడుస్తారు, ఎండలో బోర్లిస్తారు, నీళ్లు మాత్రం తగలనివ్వరు. కడిగితే చేతి గుణం పోతుందంటారు. నా ఏడో ఏట మంచిపని చేస్తున్నాననుకుని దాన్ని నీళ్లలో ముంచితే, అమ్మ చీపురు తిరగేసి రెండు తగిలించింది. అప్పటి మచ్చ పిక్క మీద ఇంకా ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కనబడట్లా? తోముతున్నా."

"దాన్ని నువ్వెప్పుడు తోమావు?"

"ఇవాళ."

"అందులో పొడి ఏది?"

"పురుగు పట్టింది. కాలవలో పోశా."

"మొన్న సగానికి పైన ఉంది. పురుగూ లేదు, పుట్రా లేదు."

"నీకు కళ్లున్నాయిగా, ఇప్పుడు చూసుకో, ఖాళీ."

గుమ్మంలోనే కూలబడ్డాను. ఇంతసేపూ కోపం మాటున దాక్కున్న అనుమానం ఒక్కసారి ఎదురుగా వచ్చి కూర్చుంది. మా అమ్మ అబద్ధం ఆడుతోంది. అరవై నాలుగేళ్ల మనిషి, కళ్లు డబ్బా మీంచి ఎత్తకుండా, చేతనైనట్టుగా అబద్ధం ఆడుతోంది. చేతకావడం లేదు.

"అమ్మా, ఆ పొడి నువ్వు దంచిందేనా?"

తోమడం ఆగింది. మళ్లీ మొదలైంది.

"నిన్నే అడుగుతున్నా."

"తాగినవాడే ఏం అడగలేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకే?"

"కందకి సాయంత్రం అయిదింటికి ఉరి వేస్తున్నారు. అందుకు."

ఆ మాటకి అమ్మ చెయ్యి నడుం మీదికి వెళ్లింది. మా వైపు పెద్దవాళ్లు పొట్ట చుట్టూ నాలుగు మూరల పట్టీ బిగించి కట్టుకుంటారు. అమ్మకి అదే పెట్టె, అదే బీరువా. బస్సు చీటీ, జపమాల, ఒక్కోసారి నా చిన్నప్పటి చెవి పోగులు కూడా అందులోనే. చెయ్యి అక్కడికి వెళ్లి, నేను చూస్తున్నానని గ్రహించి, వెనక్కి వచ్చింది.

"పట్టీ విప్పమ్మా."

"ఏంటే?"

"విప్పు. లేకపోతే నేనే విప్పుతాను."

కన్నతల్లితో అనాల్సిన మాట కాదు. అన్నాను. నా ముఖంలో ఏం కనబడిందో, అమ్మ డబ్బా పక్కన పెట్టి, తడి చేతులు కట్టుకున్న గుడ్డకి తుడుచుకుని, పట్టీ మడతలోంచి ఒక పొట్లం తీసింది. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. పైన రెండు పిన్నులు కొట్టి ఉన్నాయి. పేరు లేదు, ఊరు లేదు, చీటీ లేదు. లోపల మట్టిరంగు పొడి. మా డబ్బాలో మూడు నెలలుగా నేను చూస్తున్నది ఆ రంగే.

"ఇదొక్కటే మిగిలింది. పారేద్దామంటే చెయ్యి రాలా," అంది.

"ఎక్కడిది?"

"మన ఊరి సంతలోది. కిలోల లెక్కన అమ్ముతారు. అందరూ కలుపుతారే. నేనొక్కదాన్నేనా? నడుం నొప్పన్నవాడు అరగంటలో లేచి బస్తాలు మోస్తాడు. ఎవరన్నా పోయారా దీన్ని తాగి?"

"ఎప్పట్నించి?"

అమ్మ రెండు చేతులూ నా ముందుకి చాపింది. "చూడు. ఎప్పుడన్నా చూశావా వీటిని?"

చూడలేదు. మణికట్ల దగ్గర ఎముక ఉబ్బి గుండ్రంగా లేచింది. కుడి చేతి మూడు వేళ్లు లోపలికి వంగి, పూర్తిగా చాచినా చాచినట్టు లేవు. ఆ చేతులు నలభై రోజులుగా నా బిడ్డకి నూనె రాసి నలుగు పెడుతున్నాయి. ఆ చేతుల గొప్పలు నేను ఊరంతా చెప్పుకుంటున్నాను. ఒక్కసారి పట్టుకుని చూసిన పాపాన పోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆరేళ్లయింది రోకలి పట్టుకుని. పట్టుకోలేక," అంది అమ్మ. "మానేద్దామనుకున్నా. మీ అన్నయ్య ఇంట్లో కూర్చుని తినమన్నాడు. నా చేత్తో సంపాదించుకున్నదాన్ని, కోడలు వడ్డించేదాకా ఎదురుచూస్తూ ఎట్లా కూచుంటానే? పక్కింటి ఆవిడ చూపించింది ఈ పొడి. దంపుడు లేదు, పిండుడు లేదు. పసుపు నీళ్లలో కలిపితే చాలు. పైగా గిరాకీ పెరిగింది. ముసల్దాని చెయ్యి ఇంకా మహత్తుగా ఉందన్నారు."

"మరి ఇక్కడ? ఇక్కడెందుకు కలిపావు? అల్లుడికి ఎందుకు పోశావు?"

"అల్లుడి మోకాలు చూశావుగా. నేను వచ్చిన రోజు గుర్తుందా? మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటున్నాడు. ఇంకో రెండు మ్యాచ్‌లు చూసి పంపించేస్తారని నువ్వే ఏడ్చావు నా దగ్గర. కడుపుతో ఉన్న పిల్ల ఏడుస్తుంటే ఏం చెయ్యమంటావు?"

ఏడ్చాను. నిజమే. ఆ తర్వాత మోకాలి వాపు దిగింది, మాస్ వరసగా పదకొండు మ్యాచ్‌లు ఆడారు. ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనిచేసే మా జావా వాళ్లు ఆదివారాలు డోలు తెచ్చుకుని ఆయన పేరు మీద వాయించారు. నేను ఆ డోలుకి చప్పట్లు కొట్టాను. మా అమ్మ చేతి మహిమ అని అందరితో చెప్పుకున్నాను. కారణం అడగలేదు. దిగిన నొప్పికి కారణం ఎవరడుగుతారు?

గోడ గడియారం ఒంటిగంట నలభై చూపిస్తోంది. నేను లేచి కాగితం, పెన్ను తెచ్చాను. లోపల ఎక్కడో ఆశ లేచింది, అది దాచుకోవడమెందుకు. ఎక్కడి నుంచి వచ్చిందో దొరికింది. పిన్నులు కూడా ఊడని పొట్లం చేతిలో ఉంది. ఇంకేం కావాలి?

"అమ్మా, ఇదంతా నువ్వు చెప్పాలి. నేను రాస్తాను, నువ్వు సంతకం పెట్టు. పొట్లం డాక్టరు గారికిద్దాం."

"ఎవరికి చెప్పాలి?"

"కమిటీకి."

"పేపర్లో వస్తుందా?"

"రావచ్చు."

అమ్మ డబ్బా వంక చూసింది. "మన వీధిలో పద్నాలుగు మంది నా పేరు చెప్పుకుని సీసాలు మోస్తున్నారు. రేపట్నించి వాళ్ల గ్లాసు ఎవరు ముడతారే? ఇక్కడ ఆదివారాలు నేను ఫ్యాక్టరీ వాళ్లకి అమ్మానుగా, అదీ వస్తుంది. చుట్టపు చూపు వీసా మీద వచ్చి మందులమ్మావని పోలీసులు పట్టుకుపోతే?"

భయపడింది. మా అమ్మ భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. నాకు జాలి వేసింది, అయినా వదల్లేదు. వదిలితే నా మొగుడు పోతాడు.

"పట్టుకుపోతే నేనొస్తాను నీతో. పాపని చంకనేసుకుని వస్తాను. కానీ ఆయన్ని దొంగంటారమ్మా. నీ ఒళ్లో తల పెట్టి వెళ్లే మనిషిని మందు మింగి ఆడే దొంగంటారు. జీవితాంతం అదే అంటారు. ఆ మాట నువ్వు పడనిస్తావా?"

ఉయ్యాల్లో పాప కదిలి, మళ్లీ సర్దుకుంది. అమ్మ పీట మీంచి లేవబోయి, మోకాలి మీద చెయ్యి ఆనించి, రెండో ప్రయత్నంలో లేచింది. లోపలికి వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"రాయి. పందొమ్మిదేళ్లప్పట్నించి నా కొడుకు వాడు. రాయి."

రాశాను. నా పేరు తుకియెమ్, నాది న్గుతెర్, నేను జాము అమ్ముతాను. నా చేతులు పనిచెయ్యక ఆరేళ్లుగా సంతలో కొన్న పొడి కలుపుతున్నాను. అందులో ఏముందో నాకు తెలియదు. అదే పొడి నా అల్లుడు ప్రస్తోవోకి మూడు నెలలుగా రోజూ పోశాను. ఒక్కో వాక్యం చదివి వినిపించాను. ఒక్కో వాక్యానికి అమ్మ తల ఊపింది. చెమట కారుతోంది ఇద్దరికీ. నాలుగు రోజుల్లో మొదటిసారి నాకు ఊపిరి ఆడింది.

"అయిపోయిందమ్మా. ఇంకొక్క వాక్యం," అన్నాను. రాస్తూనే పైకి చదివాను. "ఈ పొడి కలుపుతున్న సంగతి నా అల్లుడికి తెలియదు."

అమ్మ తల ఊపలేదు.

"ఇదే అన్నిటికంటే ముఖ్యం. దీని కిందే సంతకం," అన్నాను పెన్ను అందిస్తూ.

"అది కొట్టెయ్."

"ఏది?"

"ఆఖరిది. మిగతావాటికి పెడతా. దానికి పెట్టను."

"అమ్మా, అది లేకపోతే ఇదంతా దండగ. డాక్టరు గారు చెప్పారు. రెండూ ఉండాలి."

"కల్తీ చేశానే. ఒప్పుకున్నా. దేవుడి ముందు దొంగసాక్ష్యం కూడా చెప్పమంటావా, శుక్రవారం పూట?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థం కాకూడదని నేనే పట్టుబట్టానేమో. పెన్ను అలాగే చాచి పట్టుకున్నాను.

"వచ్చిన రెండో వారం," అంది అమ్మ, చాప పోగులు గోటితో గీకుతూ. "పొట్లం చింపుతుంటే వెనకాల నిలబడి చూశాడు. ఇదేంటమ్మా అన్నాడు. దాచలేదు, చెప్పా. ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. రెండు రోజులు గ్లాసు ముట్టలా. మూడో రోజు ప్రాక్టీసు నుంచి కుంటుకుంటూ వచ్చాడు. తన చోట్లోకి ఆ థాయి కుర్రాణ్ణి తెస్తారన్న మాట అప్పటికే విన్నాట్ట. నువ్వు పడుకున్నావు. నా దగ్గర కూర్చుని తనే గ్లాసు చాపాడు."

"ఏమన్నారు?"

"'కొంచెం ఎక్కువే వెయ్యండమ్మా. నార్నీకి మాత్రం చెప్పొద్దు' అన్నాడు."

వీధిలో బండి ఆగింది. చెప్పులు విడిచిన చప్పుడు, తర్వాత గుమ్మంలో సలాం. మాస్ టోపీ తీస్తూ లోపలికి వచ్చారు. చాప మీద నన్నూ అమ్మనీ చూశారు. మా ఇద్దరి మధ్య ఉన్న పొట్లాన్ని చూశారు. అదేమిటని అడగలేదు.

"ఎంతవరకు రాశావు నార్నీ?" అన్నారు.